పురుడు పుట్టింట్లో అయితే మా ఆయన నాన్న అయ్యేది ఎప్పుడు?

రాయగడ కోడలు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. నాకు ఏడో నెల నడుస్తోంది, తొలి కాన్పు. మా ఆయన ఇక్కడ పేపర్ మిల్లులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఒక వారం పొద్దున 6 నుంచి 2 దాకా, ఒక వారం 2 నుంచి రాత్రి 10 దాకా, ఒక వారం నైట్. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. పెళ్ళయి మూడేళ్ళు. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న వసారా.

మా పుట్టిల్లు ఆంధ్రాలోని పార్వతీపురం. రైల్లో సరిహద్దు దగ్గరి కూనేరు స్టేషన్ దాటితే చాలు, ఇంటికి వచ్చేసినట్టే ఉంటుంది నాకు. సూడిదలు అయిపోయాయి. తొమ్మిదో నెల రాగానే వచ్చి తీసుకెళ్తానని అమ్మ ఇప్పటి నుంచే చెబుతోంది. మళ్ళీ అయిదో నెలలో గాని బిడ్డతో పంపదు. అంటే దగ్గర దగ్గర ఆరు నెలలు నేను ఒక చోట, ఆయన ఒక చోట. మొన్నటి దాకా నాకు ఇది ఒక సమస్య అనిపించనే లేదు. మా అక్క అలాగే వెళ్ళింది, మా వదిన అలాగే వెళ్ళింది.

పోయిన నెల ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఆయనది నైట్ షిఫ్టు. పన్నెండు దాటాక నాకు పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. కాసేపటికి సర్దుకుంది, మళ్ళీ బిగిసింది. ఆయనకి ఫోన్ చేస్తే మోగుతోంది గాని ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టేస్తారు. అత్తగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి పక్కింటి ఒడియా ఆవిడని లేపారు. ఆవిడ ఆశా దీదీకి ఫోన్ చేసింది. ఎడమ వైపు తిరిగి పడుకోమంది, నీళ్ళు తాగమంది, గంటలో తగ్గకపోతే 102 అంబులెన్సుకి చేసేద్దాం అంది. తగ్గిపోయింది. ఆ గంట సేపు నేను ఫ్యాను వంక చూస్తూ, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, లోపల బిడ్డ కదిలినప్పుడల్లా ఊపిరి తీసుకుంటూ పడుకున్నాను.

ఆరున్నరకి ఆయన వడల పొట్లం పట్టుకుని వచ్చి, "ఏటి, ఇంకా లేవలేదు?" అన్నారు. నేను అనకూడని మాటలన్నీ అనేశాను. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మూడో రోజు ఆయనే వచ్చి మంచం చివర కూర్చుని అన్నారు: "ఆ రాత్రి నువ్వు అంత భయపడ్డావు. నేను అప్పుడు మెషీన్ దగ్గర నిలబడి టీ తాగుతున్నాను. రేపు బిడ్డ పుట్టినా ఇంతే కదా. అన్నీ అయిపోయాక నాకు చెబుతారు."

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా మావయ్యగారు బతుకుతెరువు కోసం రాయపూర్ వైపు వెళ్ళి ఉండేవారట. మా ఆయన పుట్టిన నాలుగు నెలలకి వచ్చి మొదటిసారి చూశారట. ఇప్పటికీ తండ్రి ప్రస్తావన వస్తే ఈయన లేచి వసారాలోకి వెళ్ళిపోతారు. తనూ అలాంటి తండ్రే అవుతాడేమోనని ఆయన భయం. నాకూ అదే భయం పట్టుకుంది. బిడ్డ పుట్టిన మొదటి నెలల్లోనే నాకు అన్నీ తెలిసిపోయి, ఆయనకి ఏమీ తెలియకపోతే, ఆ తేడా ఎప్పటికి పూడుతుంది?

ఇక్కడే పురుడు పోసుకుందామా అంటే ఇల్లు చాలదు, అత్తగారు చెయ్యలేరు. అమ్మని రమ్మంటే "మొదటి పురుడు నేను పొయ్యలేకపోయానని ఊళ్ళో ఏటనుకుంటారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. డబ్బు సంగతి ఇంకోటి. పురుటి ఖర్చు నాన్నే పెట్టుకుంటానంటారు. ఆయనకున్నది ఎకరంన్నర వరి. ఆపరేషన్ అయితే ఎంత అవుతుందో మాకు తెలుసు. "మనమే పెట్టుకుందాం" అని మా ఆయన అంటే నాన్న చిన్నబుచ్చుకున్నారు.

ఇవన్నీ పక్కన పెట్టి అడుగుతున్నాను. ఇంకా రెండు నెలల టైముంది. ఈ రెండు నెలల్లో మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలి, ఏం సిద్ధం చేసుకోవాలి? పుట్టింటికి వెళ్ళి కూడా ఆయన్ని దూరం చెయ్యకుండా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

పర్లాకిమిడి పిన్ని:

అమ్మాయీ, నీ భర్త అన్న మాట చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా ఆయన నోరు తెరిచి ఆ మాట ఎప్పుడూ అనలేదు. కానీ ఆయన మొహంలో అదే చూశాను, ముప్పై ఏళ్ళ కిందట.

మా పుట్టిల్లు నౌపడ, ఉప్పు కొటార్ల దగ్గర. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. అప్పట్లో పర్లాకిమిడి నుంచి నౌపడకి చిన్న రైలు ఉండేది, నారో గేజిది. మా ఆయన ఆదివారం ఆదివారం ఆ రైల్లో వచ్చేవారు. వచ్చి ఏం చేసేవారు? అరుగు మీద కుర్చీ వేసేవారు. కాళ్ళకి నీళ్ళిచ్చేవారు. కోడి కోసి భోజనం పెట్టేవారు. మా అమ్మ బిడ్డని ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చి చూపించి, ఏడుపు మొదలవగానే లోపలికి తీసుకెళ్ళిపోయేది. సాయంత్రం రైలుకి ఆయన వెళ్ళిపోయేవారు. అయిదు నెలలు ఇలాగే. అల్లుడికి ఎంత మర్యాద చేశారంటే తడి గుడ్డ ఒక్కటి ముట్టుకోనివ్వలేదు.

అయిదో నెల నేను పర్లాకిమిడి వచ్చాక, ఆయన ఎత్తుకుంటే చాలు పిల్ల గుక్కపెట్టి ఏడ్చేది. ఆయన వెంటనే నా చేతికి ఇచ్చేసేవారు. నేనూ లాక్కునేదాన్ని, ఏడుపు వినలేక. అలా అలా అది అలవాటైపోయింది. పిల్ల పని నాది, బయట పని ఆయనది. ఎవరి తప్పూ కాదు అది. కానీ ఆ రోజుల్లో ఆయనకి నా మీద కోపం, నాకు ఆయన మీద కోపం ఉండేవి. దేనికో మా ఇద్దరికీ తెలిసేది కాదు.

అందుకని మా అమ్మాయి పురుటికి వచ్చినప్పుడు నేను ముందే అనుకున్నాను. అల్లుడు వచ్చిన మొదటి రోజే చెప్పాను, "నాయనా, ఈ ఇంట్లో నువ్వు చుట్టం కాదు, బిడ్డ తండ్రివి" అని. నీళ్ళు పోయడం నేర్పించాను. చిన్న పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు చాపమన్నాను. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, మీద పాత తువ్వాలు మడత వేసి, బిడ్డని బోర్లా పడుకోబెట్టి మెడ కింద నా చెయ్యి పెట్టి, తర్వాత నా చెయ్యి తీసి ఆయన చెయ్యి పెట్టించాను. నీళ్ళు వేలితో కాదు, మోచేత్తో చూడమన్నాను. చెంబుతో వీపు మీద సన్నగా పోసుకోవాలి, తల మీద పోసేటప్పుడు నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టాలి, నీళ్ళు ముక్కులోకి వెళ్ళకుండా. మొదటి రోజు ఆయన చేతులు వణికాయి. నాలుగో వారానికి నేను పక్కన లేకపోయినా పోసేశాడు. ఇప్పుడు ఆ పిల్లకి ఆరేళ్ళు. స్నానం అంటే నాన్న దగ్గరకే పరిగెడుతుంది.

కాబట్టి తల్లీ, పుట్టింటికి వెళ్ళడం తప్పు కాదు. వెళ్ళు. బాలింతకి తల్లి దగ్గర దొరికే నిద్ర ఇంకెక్కడా దొరకదు. కానీ మీ అమ్మతో ఇప్పుడే కూర్చుని మాట్లాడు. అల్లుడు వచ్చిన రోజు బిడ్డ ఆయన చేతుల్లోనే ఉండాలి, ఏడ్చినా సరే కాసేపు ఉండనివ్వాలి అని. ఇది నీ భర్త అడగలేడు. అత్తవారింట్లో అల్లుడు నోరు తెరిచి అడగడు. నువ్వే అడగాలి.

అయిదో నెలదాకా ఆగక్కర్లేదు కూడా. మూడో నెల బేసి నెలే కదా, పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు. అమ్మని కూడా వెంట తెచ్చుకుని పదిహేను రోజులు ఉంచుకో. పురుడు తనే పోసినట్టు ఉంటుంది, నీ ఇంట్లో నీకు సాయమూ ఉంటుంది.

---

బరంపురం రైల్వే నాన్న:

చెల్లెమ్మా, నాకు పద్నాలుగు నెలల బాబు. నేను బరంపురంలో రైల్వేలో చేస్తాను. మా ఆవిడ పుట్టిల్లు పాతపట్నం.

మాకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్నవాళ్ళకి, కాన్పుకి ముందు 15 రోజుల నుంచి కాన్పయ్యాక 6 నెలల లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. అందరూ కాన్పు రోజునే మొదలుపెడతారు. నేనూ అలాగే పెడదామనుకుంటే మా సీనియర్ ఒకాయన ఆపాడు. "అప్పుడు అత్తవారింట్లో పదిమంది ఉంటారు, నువ్వు మందులు తేవడానికి తప్ప పనికి రావు. వాళ్ళు నీ క్వార్టర్‌కి వచ్చిన రోజు నుంచి పెట్టుకో" అన్నాడు. కాన్పుకి నాలుగు రోజులు క్యాజువల్ లీవ్ వాడి, ఆ 15 రోజులూ దాచుకున్నాను. మూడో నెలలో తను బాబుతో వచ్చినప్పుడు పెట్టాను. నా జీవితంలో అంత బాగా వాడుకున్న సెలవు ఇంకోటి లేదు.

ప్రైవేటు మిల్లుల్లో తండ్రికి ఇలా సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు, ఆ సంగతి తెలుసు. కానీ మీ ఆయనకి ఎర్న్‌డ్ లీవ్ ఉంటుంది. ఇప్పటి నుంచి ఒక్కటి కూడా వాడొద్దని చెప్పండి. పండగకి, పెళ్ళిళ్ళకి వెళ్ళకపోయినా పర్వాలేదు. సగం కాన్పుకి, సగం మీరు రాయగడ తిరిగొచ్చే వారానికి. సూపర్‌వైజర్‌తో ఇప్పుడే మాట్లాడి ఆ నెలలో నైట్ షిఫ్టు మార్చుకునే మనిషిని చూసి పెట్టుకోమనండి. చివర్లో అడిగితే ఎవరూ మారరు.

రెండోది రాత్రుళ్ళ సంగతి. పుట్టిన బిడ్డకి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. అది ఆవిడే చెయ్యాలి. కానీ పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తిప్పడం, గుడ్డ మార్చడం, మళ్ళీ నిద్రపుచ్చడం, ఇవి నేను చెయ్యగలను. మేం ముందే ఇలా అనుకున్నాం: పాల వరకు నువ్వు, పాల తర్వాత నేను. మాట పెద్దదేం కాదు గాని, రాత్రి రెండింటికి ఎవరు లేవాలన్న వాదన ఇంక మా ఇంట్లో రాలేదు. నిద్ర లేనప్పుడు మనిషి మాట్లాడే మాట మనిషిది కాదు చెల్లెమ్మా. రాత్రి అన్నమాట పొద్దున అడగకూడదని కూడా అనుకున్నాం. రెండుసార్లు తప్పాం, మిగతా అన్నిసార్లూ నిలబడ్డాం.

మీ ఆయన నైట్ చేసొచ్చి పగలు పడుకోవాలి, ఇల్లు ఒకే గది అన్నారు. వసారాకి తడకలు కట్టించి మంచం పట్టేలా చేసుకోండి, వానాకాలానికి ముందే. మా ఏరియాల్లో మలేరియా సంగతి మీకు చెప్పక్కర్లేదు. దోమతెరలు రెండు కావాలి. మీకూ బిడ్డకీ ఒకటి, వసారాలో పడుకునేవాళ్ళకి ఒకటి.

డబ్బు విషయంలో మాత్రం మీ నాన్నగారి మాట తీసెయ్యకండి. మా మావగారితో నేను ఇలా అన్నాను: "ఆసుపత్రి బిల్లు నాది, బారసాల మీది." ఆయన తృప్తిగా ఒప్పుకున్నారు. ఊరందరికీ కనిపించేది బారసాలే కదా.

---

జయపురం సిస్టర్:

నేను లేబర్ రూములో పనిచేసే నర్సుని. పై ఇద్దరూ చెప్పినవి చాలా మంచివి. నేను చూసేవి కొన్ని కలుపుతాను.

ముందుగా ఆ రాత్రి సంగతి. పొట్ట బిగుసుకుని పడుకుంటే తగ్గిపోవడం ఆరో నెల నుంచీ మామూలుగా చూస్తూనే ఉంటాం. కానీ ఈ నెలల్లో గంటలో నాలుగైదు సార్లు క్రమం తప్పకుండా బిగిసినా, నీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క నిమిషం ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ నాలుగూ మీ ఆయనకి నోటికి రావాలి. ఆయన ఫోన్ లాకర్లో ఉంటుంది కాబట్టి మిల్లు గేటు సెక్యూరిటీ నంబరు, షిఫ్టు ఇన్‌చార్జి నంబరు కాగితం మీద రాసి అత్తగారికి అందే చోట గోడకి అంటించండి. "అన్నీ అయిపోయాక చెబుతారు" అన్న ఆయన బాధకి సగం మందు ఆ కాగితమే.

రాష్ట్రం మారి కాన్పుకి వెళ్తున్నారు కాబట్టి తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్తం గ్రూపు రిపోర్టు, ఆధార్ ఒకే సంచిలో పెట్టుకోండి. గర్భిణులకి, బాలింతలకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మమతా పథకం డబ్బు విడతలుగా పడుతుంది, దానికి టీకాలవీ రికార్డు అవ్వాలి. వెళ్ళే ముందు మమతా దివస్ (అంగన్‌వాడీలో తల్లీబిడ్డల్ని చూసే రోజు) నాడు అంగన్‌వాడీ దీదీతో మాట్లాడి, పార్వతీపురంలో వేయించిన టీకాలు ఇక్కడ ఎలా రాయించుకోవాలో అడిగి వెళ్ళండి. చివర్లో చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. పార్వతీపురంలో ఏ ఆసుపత్రి అన్నది కూడా ఇప్పుడే తేల్చుకుని, ఎనిమిదో నెలలో ఒకసారి ఇద్దరూ కలిసి వెళ్ళి చూపించుకోండి. మీ ఆయన ఆ డాక్టరు మొహం, ఆ మెట్లు, ఆ మందుల షాపు చూసి ఉండాలి.

ఇక భార్యాభర్తల మధ్య గొడవలు నేను ఎక్కువగా చూసేది బిడ్డకి ఏం పెట్టాలన్న దగ్గర. పుట్టగానే తేనె నాకించమని ఒక అమ్మమ్మ, ఉగ్గు పెట్టమని ఒక నాయనమ్మ, ఎండాకాలం కదా నీళ్ళు పట్టమని ఇంకొకరు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. బాలింత కూడా పథ్యం పేరుతో వట్టి కారప్పొడి అన్నం తింటే పాలిచ్చే ఓపిక ఎక్కడిది? పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప తినాలి. ఈ విషయాలు మీరిద్దరూ ముందే ఒక మాట మీద ఉండండి. మీ అమ్మకి మీరు చెప్పండి, ఆయన అమ్మకి ఆయన చెప్పాలి. కోడలు అత్తకీ, అల్లుడు అత్తకీ చెప్పడం మొదలుపెడితే అది వేరే దారి పడుతుంది.

ఇంకో మాట ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. కాన్పయిన మూడు నాలుగు రోజులకి చాలామంది తల్లులకి ఊరికే ఏడుపొస్తుంది. ఎందుకో తెలీదు. పది పదిహేను రోజుల్లో పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు లేకపోతే, బతకాలని లేదనిపిస్తే అది జబ్బు, దానికి చికిత్స ఉంది. దిష్టి తగిలిందని కూర్చోకూడదు. 14416 టెలిమానస్ నంబరు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఇది మీ ఆయనకి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ పరిస్థితిలో ఉన్న తల్లి తన గురించి తను చెప్పుకోలేదు. ఫోన్లో మీ గొంతు విని కనిపెట్టాల్సింది ఆయనే. తండ్రులు కూడా ఇలా కుంగిపోతారు, వాళ్ళని ఎవరూ అడగరు.

మీ ఇద్దరి దగ్గరితనం గురించి కూడా. కాన్పు తర్వాత ఆరు వారాలు ఆగమని చెబుతాం, ఆ తర్వాత కూడా మీ ఒళ్ళు, మీ మనసు ఒప్పుకున్నప్పుడే. ఇది ఇప్పుడే మాట్లాడుకుంటే మూడో నెలలో ఇంటికొచ్చినప్పుడు ఆయన దూరం పెట్టారనుకోరు, మీరు ఒత్తిడి అనుకోరు. తర్వాతి బిడ్డకి ఎడం కోసం ఏ పద్ధతి వాడాలో కూడా కాన్పు ఆసుపత్రిలోనే అడిగేయండి. పాలిస్తున్నాను కదా అని ధైర్యంగా ఉండి ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

---

రాయగడ కోడలు:

పిన్నీ, అన్నయ్యా, సిస్టర్ గారూ, మీరు రాసినవి నిన్న రాత్రి ఆయనకి చదివి వినిపించాను. 2 నుంచి 10 షిఫ్టు చేసొచ్చి అన్నం తింటున్నారు. పిన్ని గారి చిన్న రైలు సంగతి చదువుతుంటే ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు. "మా నాన్నకీ ఎవరూ ఇవ్వలేదేమో ఎత్తుకోవడానికి" అన్నారు. ఆ ఒక్క మాట తప్ప ఇంకేం అనలేదు. వాళ్ళ నాన్న గురించి అంత మెత్తగా మాట్లాడటం ఈ మూడేళ్ళలో మొదటిసారి విన్నాను.

పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. తొమ్మిదో నెలలో వస్తాను, మూడో నెలలో తిరిగి వెళ్తాను, నువ్వూ నాతో రావాలి అన్నాను. మొదట "మీ నాన్నకి వండేదెవరు?" అంది. తర్వాత ఒప్పుకుంది. అల్లుడితో బిడ్డకి నీళ్ళు పోయించాలి అంటే మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. "మగపిల్లోడు, చేతులు గట్టిగా ఉంటాయే" అంది. పిన్ని గారి పీట సంగతి, మెడ కింద చెయ్యి సంగతి చెప్పాను. "సరే, పక్కన నేనుంటాను" అంది. బారసాల మాట నాన్నతో ఆయనే మాట్లాడతానన్నారు, నేను మధ్యలో లేకుండా.

ఎర్న్‌డ్ లీవులు పదకొండు ఉన్నాయి. గోడ మీద క్యాలెండర్లో ఆయన వీక్లీ ఆఫ్‌లన్నీ పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టారు, కాన్పు నెల నుంచి మూడు నెలల పాటు. దాని పక్కనే గేటు సెక్యూరిటీ నంబరు, ఇన్‌చార్జి నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించారు. మా అత్తగారు ఒడియాలో అంకెలు చదవగలరు, తెలుగువి రావు. అందుకని కింద ఒడియాలో మళ్ళీ రాశారు.

ఒక సందేహం మిగిలింది. నైట్ షిఫ్టు చేసి పొద్దున ఆరున్నరకి ఇంటికొచ్చి, అప్పుడు పార్వతీపురం రైలెక్కితే ఆయనకి నిద్ర ఉండదు. రైల్లో పడుకుని రావచ్చు అంటున్నారు గాని, గంట ప్రయాణంలో ఏం పడుకుంటారు? అలా నిద్ర లేకుండా వచ్చిన రోజు బిడ్డకి నీళ్ళు పోయనివ్వాలా, వద్దా?

---

పర్లాకిమిడి పిన్ని:

ఆ రోజు నీళ్ళు వద్దు తల్లీ. నిద్ర లేని చేతుల్లో తడి బిడ్డ ఉండకూడదు. వచ్చీరాగానే అన్నం పెట్టి, ఒక గదిలో పడుకోబెట్టు. లేచాక మూడింటికో నాలుగింటికో ఎలాగూ బిడ్డ పాలకి లేస్తుంది. పాలిచ్చి భుజాన వెయ్యి, తేన్పు తెప్పించే పని ఆయనది. సాయంత్రం చల్లబడ్డాక బిడ్డని ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మను, ఒక్కడినే. మీ అమ్మని వెనకాల పంపకు.